మెత్తగా ఉన్న మూడు గంటలు

మా బావ ప్లంబరు. అక్క పెళ్ళయిన కొత్తలో "మీ బావ ఏం చేస్తాడు?" అని ఎవరైనా అడిగితే "నీళ్ళ శాఖ" అని చెప్పేదాన్ని. ఆ మాట ఆయన చెవిన పడింది. ఇరవై రెండేళ్ళయినా ఇంకా దెప్పుతూనే ఉన్నాడు. మనిషి మంచివాడే గానీ తొందర జాస్తి. ఎక్కడో పైపు కారుతోందంటే మనం చెప్పులు వెతుక్కునేలోపు ఆయన వీధి చివర ఉంటాడు. భోజనంలోనూ, మాటలోనూ, కోపంలోనూ అదే పరుగు.

అలాంటి మనిషి నాలుగేళ్ళ కిందట ఒక మేడ మీద ట్యాంకుకి పైపు బిగిస్తూ నిచ్చెన మీంచి జారిపడ్డాడు. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. కట్టు విప్పాక వేళ్ళు సరిగ్గా ముడవడం లేదు, పానా పట్టుకుంటే జారిపోతోంది. ఆస్పత్రిలో వ్యాయామాలు చేయించే అమ్మాయి, "ఏదైనా మెత్తటి ముద్ద పెట్టుకుని రోజూ పిసుకుతూ ఉండండి" అని చెప్పింది. ఆ అమ్మాయి ఉద్దేశం ఏ రబ్బరు బంతో, పిండి ముద్దో అయి ఉంటుంది. మా బావకి మాత్రం మెత్తటి ముద్ద అంటే లోకంలో ఒక్కటే, పనిసంచిలో ఉండే ఎపాక్సీ పుట్టీ. రెండు రంగుల ముద్దలు విడివిడిగా ఉన్నంతసేపూ మెత్తగా ఉంటాయి, కలిపి పిసికితే రాయి అయిపోతాయి. కారే పైపులకి చుట్టేది అదే. టీవీ ముందు కూర్చుని దాన్నే పిసకడం మొదలుపెట్టాడు. టీవీలో క్రికెట్ ఆటలో పడి చేతి సంగతి మరిచిపోయాడు. ఐదు నిమిషాల్లో అది ఆయన పిడికిట్లోనే బిగుసుకుపోయింది.

అక్క నూనె పోస్తుంటే నేను ఒక్కో వేలూ విడదీశాను.

"ముప్ఫై ఏళ్ళుగా నీ చేతిలో నలుగుతున్న సరుకే కదా బావా, గట్టిపడుతుందని నీకు తెలీదూ?"

"పైపు మీద గట్టిపడుతుందని తెలుసు. చేతిలో ఎప్పుడు ఉండనిచ్చాను గనక?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఊడివచ్చిన ముద్దని ఆయన వెలుతురుకి పెట్టి ఇటూ అటూ తిప్పాడు. "ఇదిగో, ఈ పక్కనుంచి చూడు. ముసలాయన మొహంలా లేదూ?" అన్నాడు. ఒప్పుకోవడం ఇష్టం లేకపోయింది గానీ, నిజంగానే ఉంది.

అక్కడ మొదలైంది ఈ బొమ్మల పిచ్చి. ప్లంబింగుకి మళ్ళీ పూర్తిగా వెళ్ళలేకపోయాడు. బట్టలారేసుకునే వరండాలో ఒక బల్ల వేసుకుని, కీళ్ళు కదిలే వీరుల బొమ్మలు కొనితెచ్చి, వాటి జుట్టూ బట్టలూ గీకేసి, పైన పుట్టీతో వేరే మనుషుల్ని కట్టడం నేర్చుకున్నాడు. ఆరో తరగతి పిల్ల ఒకతె తన లెక్కల టీచరుని కత్తి పట్టిన యోధురాలిగా చేయించుకుంది. నెల తిరక్కుండా ఆ టీచరు కూడా వచ్చి, తనకీ ఒకటి కావాలనీ, కత్తి ఇంకాస్త పెద్దది పెట్టమనీ అడిగింది. రంగులు వేసే పని నాది. నేను ఫోటో స్టూడియోలో ఫోటోలు సరిచేస్తాను. మనుషుల మొటిమలు మాయం చేయడమే నా వృత్తి.

పుట్టీ ఎంచుకోవడం మాత్రం బావకి అంత తేలిగ్గా పట్టుబడలేదు. మొదట్లో అన్నింటికీ పైపుల పుట్టీయే వాడేవాడు. ముక్కు పెట్టి కళ్ళ దగ్గరికి వచ్చేసరికి మొహం బిగుసుకుపోయేది. మొదటి ఆరు బొమ్మలకీ కళ్ళు సగమే తెరుచుకుని ఉండేవి, అందరూ నిద్రలో లేచి వచ్చినట్టు. తరవాత్తరవాత తెలిసింది, అది లోపల ఎముకల్లా పెట్టే తీగలకి చుట్టడానికే పనికొస్తుందని. నీలం, పసుపు పట్టీలు పక్కపక్కనే అంటించి టేపులా అమ్మేది ఇంకోటి ఉంది. కలిపితే ఆకుపచ్చగా అవుతుంది, రబ్బరులా సాగుతుంది. బెల్టులకీ, గుడ్డ మడతలకీ దాన్ని మించింది లేదు. ఆరాక ఉప్పుకాగితంతో రుద్దితే మాత్రం నునుపు రాదు, నూగు లేస్తుంది. కడ్డీల్లా వచ్చే బూడిదరంగుది తడివేలితో రాస్తే అద్దంలా వస్తుంది గానీ, పల్చగా చేస్తే పుటుక్కున విరుగుతుంది. మొహాలకి ఈ రెండూ కలిపి వాడేవాడు. సీసాల్లో వచ్చే తెల్లటి రకం ఒకటుంది, అది మూడు గంటలు మెత్తగానే ఉంటుంది. దాని మీద బావకి గౌరవం లేదు. "మూడు గంటలా? ఈలోపు ఇల్లు మునిగిపోదూ?" అనేవాడు. వరండాలో మునిగేది ఏముందో నాకు తెలియదు.

ఇంకో జబ్బు ఉంది ఆయనకి. ఆ టేపు పుట్టీలో రెండు రంగులూ ఆనుకునే నడిమి గీత దగ్గర సరుకు ముందే సగం గట్టిపడి ఉంటుంది. దాన్ని బ్లేడుతో కోసి పారెయ్యాలి. వాడేసిన వాషర్లు కూడా డబ్బాలో దాచుకునే మనిషి మంచి ముద్దని నడిమికి కోసి పారేస్తాడా? అంతా కలిపేసేవాడు. బొమ్మ మొహాన ఆవగింజల్లాంటి పలుకులు తేలేవి. నేను రెండు పూతలు ఎక్కువ వేసి కప్పేసేదాన్ని. కంటికి కనబడేవి కావు. ఇద్దరం ఇద్దరమే.

అలా నడుస్తుండగా ఒకరోజు ఆపరేటరమ్మ వచ్చింది. ఆ పేరు బావ పెట్టిందే. ఆవిడ పెద్దాస్పత్రిలో టెలిఫోన్ ఆపరేటరు, వయసు నలభై దాటి ఉంటుంది. తొమ్మిదో ఏట జ్వరం వచ్చి చూపు పోయిందట. కర్రతో గుమ్మం తడిమి, చెప్పులు విప్పి, కుర్చీ వెతుక్కుని కూర్చుని, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా విషయంలోకి దిగింది.

"మా నాన్న కావాలి మేస్త్రిగారూ. కరెంటు లైన్‌మాన్‌గా చేసేవాడు. నాకు పన్నెండేళ్ళప్పుడు పోయాడు. ఫోటో ఒక్కటే ఉందిట, ఊళ్ళో ఉన్న మా మేనత్త పంపింది. అది నేనేం చేసుకోను? మీరే ఉంచుకోండి. పని నుంచి వచ్చాక రోజూ ఆయన మొహం తడిమి చూసేదాన్ని. చేతులకి గుర్తుంది. అంటే, గుర్తుందనే అనుకుంటున్నా. ఏడాదికేడాది తగ్గిపోతోందేమోనని భయంగా ఉంది."

బావ మోచేతి పొడవు బొమ్మ ఎంచుకున్నాడు, వేళ్ళకి మొహం అందాలని. తల నిమ్మకాయంత. నడుముకి తాళ్ళ బెల్టు, చేతికి తొడుగులు, పక్కన కటింగ్ ప్లయరు అన్నీ పచ్చ పుట్టీతో దివ్యంగా కుదిరాయి. పుట్టీ అంటుకోకుండా భుజం కీలుకి వ్యాసలీను రాసి పైన చొక్కా కట్టాడు, చెయ్యి ఇంచక్కా లేస్తోంది. మొహం ఫోటోలో ఉన్నట్టే దించాడు. నిండు చెంపలు, నున్నటి గడ్డం. నేను ప్రాణం పెట్టి రంగులు వేశాను. చూపు లేని మనిషికి రంగులు అంత శ్రద్ధగా వేస్తున్నానన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు, చూడండి నా తెలివి.

ఆవిడ బొమ్మని ఒళ్ళో పెట్టుకుని బెల్టు తడిమింది, నవ్వింది. ప్లయరు తడిమింది. వేళ్ళు మొహం మీదికి వెళ్ళాయి. అక్కడ ఆగిపోయాయి.

"ఈ పలుకులేమిటి? నాన్నకి మొటిమలుండేవి కావే."

ఆవిడ మళ్ళీ చెంపలు తడిమింది, గడ్డం తడిమింది.

"మొహం కూడా... ఏమో. ఎవరో తెలియట్లేదు. తప్పు మీదో, నా చేతులదో." బొమ్మ బెల్టు మరోసారి తడిమి, "పోనీలెండి, మీరు కష్టపడ్డారు" అని బొమ్మని బల్ల మీద పెట్టేసింది.

తిట్టినా బాగుండేది. ఆ "పోనీలెండి" మా బావని మూడు రోజులు తిననివ్వలేదు. నాకైతే నా కుంచెలన్నీ పొయ్యిలో పెట్టాలనిపించింది. ఆవిడ వెళ్ళేటప్పుడు ఆ మొహంలో ఉన్నది కోపం కాదు, భయం. బొమ్మ చెడిపోయిందని కాదు, తండ్రి మొహం తనే మరిచిపోయిందని.

నాలుగోరోజు బావ బొమ్మ మొహం మొత్తం బ్లేడుతో గీకేశాడు.

"కళ్ళున్నవాళ్ళం ఫోటో చూసి చేశాం. ఆవిడ చేత్తో చూసిన మొహం వేరే ఉంటుంది. ఆవిడనే పిలిపిద్దాం" అన్నాడు.

"పిలిచి?"

"మెత్తగా ఉండగా ఆవిడ చేతికే ఇస్తాను." తలెత్తకుండా, "ఆ సీసాల రకం తెప్పించు" అన్నాడు. మా బావ నోటి వెంట ఆ మాట వింటానని నేను అనుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ వచ్చింది. బావ రెండు సీసాల్లోంచీ సమానంగా తీసి, రంగు ఏకమయ్యేదాకా పిసికి, బొమ్మ పుర్రె మీద మొహం కట్టాడు. ఆవిడకి పల్చటి తొడుగులు ఇచ్చాడు, చర్మానికి మంచిది కాదని. ఆవిడ వేసుకుని చూసి తీసేసింది. "నా కళ్ళకి గంతలు కడతారేమిటండీ?" అంది. చేసేది లేక వేళ్ళు నీళ్ళలో ముంచమని, అయ్యాక సబ్బుతో బాగా కడుక్కోమని ఒట్టు పెట్టించుకున్నాడు.

మొదట భయపడుతూ అంటీ అంటనట్టు తాకింది. "చెంపలు ఇంత నిండుగా ఉండవు. ఇక్కడ లోతు." బొటనవేలితో నొక్కింది. "దవడ ఎముక తెలుస్తుండేది." నొక్కింది. చెయ్యి జారి ముక్కు చదునైపోయింది.

"అయ్యో, పాడుచేశాను!"

"ఏం పాడవదమ్మా. ఇంకా గంటన్నర ఉంది, నిదానంగా చూసుకోండి" అన్నాడు బావ. నిదానంగా అని! ఆ మాట పలికింది ఆయనేనా అని అక్క వంటింట్లోంచి తొంగి చూసింది.

ఆయన ముక్కు లేపడం, ఆవిడ తడమడం, కాదనడం, మళ్ళీ ఆయన దిద్దడం. కళ్ళ కింద సంచులు పెట్టించింది. మాసిన గడ్డంలా గరుకు రావడానికి పాత టూత్‌బ్రష్షుతో అద్దించింది. చివరికి రెండు అరచేతుల మధ్య ఆ చిన్న మొహాన్ని పట్టుకుని చాలాసేపు కదల్లేదు.

"ఇదే అనిపిస్తోంది. నేను కల్పించుకుంటున్నానేమో కూడా తెలీదు. ఇక ముట్టుకోను, తీసెయ్యండి."

పూర్తిగా గట్టిపడడానికి ఒక రోజు పడుతుంది. కలిపిన ముద్దలోంచి ఒక చిటికెడు పక్కన పెంకుముక్క మీద ఉంచడం బావకి అలవాటు. బొమ్మని ముట్టుకోకుండా ఆ చిటికెడు గోటితో నొక్కి చూస్తే, లోపలి సంగతి తెలిసిపోతుంది. మర్నాడు సాయంత్రం ఆవిడ ఊరి నుంచి వచ్చే మేనత్తని వెంటబెట్టుకుని వస్తానంది.

మర్నాడు మూడింటికి బావ ఆ చిటికెడు నొక్కాడు. గోరు దిగింది.

ఆయన మొహం పాలిపోయింది. "పాళ్ళు తప్పాను. ఒకటి ఎక్కువైంది. అది ఇక గట్టిపడదు" అన్నాడు. పాళ్ళు తప్పిన పుట్టీ ఎన్నాళ్ళైనా జిగటగానే ఉంటుంది. మొహం గీకేయడమే దారి. ఆవిడ వేళ్ళతో వెతుక్కుని పెట్టుకున్న మొహం అది, ఇంకోసారి దొరుకుతుందో లేదో. కనీసం దాన్ని తాకి చూడమంటే వద్దంటాడు, గోటి గాటు పడుతుందని. కుర్చీలో కూలబడి, "ఫోన్ చెయ్యి, రావద్దని చెప్పు" అన్నాడు. ఫోను చేతిలోకి తీసుకున్నాను.

అక్క చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏవండీ, ఆ పెంకుముక్క మీదది నిన్న సాయంత్రం బల్ల తుడుస్తూ ఫ్రిజ్‌లో పెట్టాను. పుట్టీలన్నీ ఫ్రిజ్‌లోనే పెట్టమంటారు కదా మీరు. పొద్దున గుర్తొచ్చి, అరుస్తారని, చప్పుడు చెయ్యకుండా మళ్ళీ బల్ల మీద పెట్టేశాను."

చలికి పుట్టీ నిద్రపోతుంది, గంటల్లో గట్టిపడేది రోజులు తీసుకుంటుంది. ఆ సంగతి అక్కకి చెప్పిందీ ఆయనే. బావ అక్కని చూశాడు, నన్ను చూశాడు. లేచి వెళ్ళి, బొమ్మ చెవి వెనక, ఎవరికీ తెలియని చోట, గోటితో మెల్లగా కొట్టాడు. టక్ మంది. ఇంకోసారి కొట్టాడు. టక్. రాయి.

ఆయన అరవలేదు. కింద కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వాడు. అక్కకి కోపం వచ్చింది. నేను మాత్రం చేతిలో ఉన్న ఫోను బల్ల మీద పెట్టేశాను.

ఐదింటికి వాళ్ళు వచ్చారు. రంగులు వెయ్యలేదని చెప్పాను, ఈసారి ఆ బుద్ధి వచ్చింది. మేనత్త బాగా పెద్దావిడ, మెట్లెక్కి ఆయాసపడుతోంది. ఆపరేటరమ్మ బొమ్మ కోసం చేతులు చాపింది. బావ ఇవ్వబోతుంటే మధ్యలో పెద్దావిడ చూసింది.

"అన్నయ్యా!" అంది, ఎదురుగా మనిషి నిలబడ్డట్టు.

ఆవిడ బొమ్మని దగ్గరికి లాక్కుని చూసింది. "నేను పంపిన ఫోటో ఇలా లేదే. అది ఈ పిల్లకి ఏడాది వయసప్పుడు తీసింది, అప్పుడు నిండుగా ఉండేవాడు. ఇదిగో, దీనికి చూపు పోయాక ఇలా చిక్కిపోయాడు, నిద్ర లేక కళ్ళ కింద ఇలా అయింది. ఆ తరవాత ఒక్క ఫోటో కూడా తీయించుకోలేదు." బావ వైపు తిరిగింది. "మీకెలా తెలిసింది నాయనా ఈ మొహం?"

"నాకు తెలీదమ్మా. మీ మేనకోడలే చేసుకుంది. నేను ముద్ద కలిపానంతే."

ఆపరేటరమ్మ చాపిన చేతులు అలాగే ఉన్నాయి. "చిక్కిపోయాడా? నిజంగా ఇలాగే ఉండేవాడా అత్తా?"

"ఇలాగేనే పిచ్చిదానా. ఇలాగే ఉండేవాడు."

పెద్దావిడ బొమ్మని ఆ చేతుల్లో పెట్టింది. ఆపరేటరమ్మ దాని చెంపల మీద రెండు బొటనవేళ్ళూ ఆనించింది. అవి లోతుల్లో సరిగ్గా సరిపోయాయి.

"అయితే నేను మర్చిపోలేదు" అంది.