బైబిల్లో దాచిన తెల్లదారం

పోయిన నెల ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, డాలస్ పక్కనే ఫ్రిస్కోలో ఉన్న మా అమ్మాయి ఇంట్లో భోజనాలకి కూర్చున్నాం. కోడికూర వడ్డన జరుగుతుండగా ఇరవై ఏళ్ళ నా మనవరాలు, వేసవిలో వియత్నాం వెళ్ళి, అక్కడ స్కూటర్ అద్దెకి తీసుకుని, రెండు వారాలు ఒంటరిగా తిరిగొస్తానని మంచినీళ్ళు అడిగినంత తేలిగ్గా చెప్పింది. మా అమ్మాయి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. తల్లీకూతుళ్ళు ఇంగ్లీషులో కాసేపు కీచులాడుకున్నాక తీర్పు నా దగ్గరికొచ్చింది.

"అమ్మా, సోలో ట్రిప్ సేఫ్ కాదని నువ్వు చెప్పు దానికి. నా మాట వినట్లేదు," అంది మా అమ్మాయి.

"అమ్మమ్మ నో అంటే టికెట్ బుక్ చెయ్యను. ప్రామిస్," అంది మనవరాలు.

ఇద్దరూ నా మొహంలోకి చూస్తుంటే నేను కంచంలోకి చూస్తూ కూర్చున్నాను. డెబ్బై దాటిన దాన్ని, దొంగలా తల దించుకోవలసిన అవసరం ఏముందంటారా? ఉంది. నలభై అయిదేళ్ళ పైచిలుకుగా నా కడుపులో దాచుకున్న సంగతి ఒకటి ఉంది. ఆ మధ్యాహ్నం వాళ్ళకి చెప్పిందే మీకూ చెబుతాను. కాకపోతే మన కాలంవాళ్ళు కాబట్టి మీ దగ్గర ఇంకాస్త తీరిగ్గా చెప్పుకోవచ్చు.

డెబ్బైల చివర్లో నేను డాలస్‌లో నర్సుని. ఇద్దరు మలయాళీ నర్సులతో కలిసి ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేదాన్ని. మూడేళ్ళు పెద్ద సెలవన్నది పెట్టకుండా పనిచేసి, మా అన్నయ్య పెళ్ళికని మొదటిసారి ఇంటికి బయల్దేరాను. పసిఫిక్ మీదుగా వెళ్ళే టికెట్ కొనుక్కుంటే దారిలో బ్యాంకాక్‌లో దిగి, కొన్నాళ్ళుండి మళ్ళీ విమానం ఎక్కవచ్చని తెలిసిన క్షణంలో నా బుర్రలో ఏ పురుగు దూరిందో గానీ, ఇంటికి రాసిన ఉత్తరంలో వారం ఆలస్యంగా బయల్దేరుతున్నానని రాసి, నాతో ఉండేవాళ్ళకి మాత్రం తిన్నగా ఇంటికేనని చెప్పాను. పాస్టరుగారమ్మాయి రెండు ఖండాలకీ ఒకేసారి అబద్ధమాడేసిందన్నమాట. ఇంట్లోవాళ్ళ లెక్కలో నేను ఆస్పత్రిలో ఉన్నాను, ఆస్పత్రివాళ్ళ లెక్కలో ఇంట్లో ఉన్నాను. ఆ వారం రోజులూ ఎవరి లెక్కలోనూ లేను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది.

ఆ వారం స్కూటర్ అద్దెకి తీసుకుని తిరగాలని నా ఆశ. స్కూటరే ఎందుకంటే, దాని వెనక మా నాన్నగారున్నారు. గుంటూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆరాధనలు జరిపించడానికి ఆయన స్కూటర్ మీద వెళ్తుంటే, వెనక సీటు మీద ఒకవైపుకి కూర్చుని, రొట్టె, ద్రాక్షరసం గిన్నెలున్న ప్రభువు బల్ల సామాను పెట్టె ఒళ్ళో పెట్టుకుని, ఎన్ని మైళ్ళు తిరిగానో చెప్పలేను. ఆయన వీపు తప్ప ముందున్న రోడ్డు నాకెప్పుడూ కనపడేది కాదు. నేను నడుపుతానంటే నవ్వి ఊరుకునేవారు. మా అన్నయ్య మాత్రం ఎండాకాలం సాయంత్రాల్లో, ఆయన కంటపడకుండా, మిషన్ బడి మైదానంలో నేర్పాడు. గుండ్రంగా తిరగడమే తప్ప బడి గేటు దాటింది లేదు.

బ్యాంకాక్ నుంచి రైలెక్కి ఉత్తరాన చియాంగ్ మాయ్‌లో దిగాను. స్కూటర్లు అద్దెకిచ్చే దుకాణంలో ఒక పెద్దావిడ నన్నూ, డాలస్‌లో కొన్న నా కొత్త జీన్స్ ప్యాంటునీ, నూనె రాసి బిగించి అల్లిన జడనీ ఎగాదిగా చూసి, పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకుని, ఎర్రటి చిన్న బండి ఒకటి ఇచ్చింది. శుక్రవారం సాయంత్రానికి తెచ్చివ్వాలి. ఆ రాత్రి రైలెక్కితే శనివారం బ్యాంకాక్‌లో నా విమానం, సోమవారం అన్నయ్య పెళ్ళి. ఏమాత్రం తేడా వచ్చినా నా గుట్టు రట్టవుతుంది.

మా నాన్నగారి స్కూటర్‌కి గేర్లు ఎడమ చేతిలో ఉండేవి, ఈ బండికేమో కాలికింద ఉన్నాయి. ఎత్తు రాగానే నా ఎడమచెయ్యి ఉత్తి పిడిని మెలితిప్పడం, బండి మూలిగి ఆగిపోవడం, వెనకవాళ్ళు నవ్వుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోవడం. అది చాలదన్నట్టు, మూడేళ్ళు డాలస్‌లో కుడివైపు కారు నడిపిన అలవాటుకొద్దీ మొదటి మలుపులోనే దర్జాగా కుడిపక్కకి తిరిగేశాను. ఎదురుగా ఒక బస్సు! అక్కడ మన ఊళ్ళలాగే ఎడమపక్కన నడపాలి. ప్రభువా అని అరిచి, ఏ పక్కకి దూకానో తెలియకుండా దూకి, గడ్డిలో ఆగాక, ఏడవాల్సింది పోయి పగలబడి నవ్వాను. ఊరు దాటాక రోడ్డు తిన్నగా నా ముందు పరుచుకుంది. అడ్డంగా ఎవరి వీపూ లేదు. గాలికి జడ ఊడిపోతుంటే, మా సండే స్కూల్లో నేర్చుకున్న పాటలన్నీ గొంతెత్తి పాడుకుంటూ పోయాను.

వరినాట్ల రోజులవి. మోకాళ్ళలోతు నీళ్ళల్లో వరసగా వంగి నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు, నడుం ఎత్తి నన్ను చూసి చేతులు ఊపేవాళ్ళు. ఒకచోట గట్టు మీద కూర్చోబెట్టి, వెదురుబుట్టలోంచి ముద్ద కట్టిన వేడి అన్నం, కాల్చిన మిరపకాయలు దంచిన పచ్చడి పెట్టారు. వాళ్ళూ చేత్తోనే తింటున్నారు! మూడేళ్ళు ఆస్పత్రి క్యాంటీన్‌లో ఫోర్కుతో కుస్తీ పట్టినదాన్ని, ఆ రోటిపచ్చడి ఘాటుకి ముక్కు ఎగబీలుస్తూ, వేళ్ళు నాకుతూ ఎంత తిన్నానో చెబితే సిగ్గుపోతుంది.

నాలుగో రోజు కొండదారిలో వాన పట్టుకుంది. ఎర్రమట్టి వంపులో బండి జారి, నేనొకవైపు, అదొకవైపు పడ్డాం. జానెడు దూరంలో లోయ. మోకాలు చీరుకుపోయింది. ఆ ఎదురుగా నిట్రాళ్ళ మీద కట్టిన ఇంట్లోంచి ఒక ముసలామె గబగబా వచ్చి, నన్ను పైకి తీసుకెళ్ళి, గాయం కడిగి ఏదో ఆకుపసరు పూసింది. అది చూస్తూ ఈ అమెరికా ఆస్పత్రి నర్సు నోరెత్తితే ఒట్టు. కాలు చాపబోతే నా పాదం ఆమె ఒడికి తగిలింది. తటాలున ఆమె మోకాలు ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను. మనకది ఆలోచించి చేసే పని కాదు కదా. ఆ దేశంలో ఒకరి మీదికి పాదం చాపడం ఎంత తప్పో నాకు తర్వాత తెలిసింది. ఆమె మొహం మొదట బిగుసుకుంది, నేను చేసింది చూసి వింతపడింది, చివరికి బోసినోటితో నవ్వి నా తల దగ్గరికి తీసుకుంది. బయల్దేరేటప్పుడు నా మణికట్టుకి ఒక తెల్లదారం చుట్టి, ఏదో గొణుగుతూ ముడివేయబోయింది. దారాలూ తాయెత్తులూ గుమ్మం తొక్కని ఇంట్లో పుట్టినదాన్ని, చెయ్యి సగం వెనక్కి లాక్కున్నాను. ఆమె వదల్లేదు. సరే, ఆమె మంత్రం ఆమె చదివింది, నా ప్రార్థన నేను చేసుకున్నాను.

శుక్రవారం చీకటి పడకముందే బండి అప్పగించాను. మద్రాసులో విమానం వాలేముందు ఆ దారం ఊడదీసి, నా తెలుగు బైబిల్లో దాచాను. మోకాలికి ఆ దెబ్బేమిటని అడిగినవాళ్ళకి చెప్పడానికి ఆస్పత్రి మెట్లు బాగా అక్కరకొచ్చాయి. మరుసటేడు నాకూ పెళ్ళయింది, ఆ వెంటనే మా అమ్మాయి పుట్టింది. మా ఆయనకి చెబుదామనుకుంటూనే ఉండగా, ఆయన కాలమూ తీరిపోయింది.

ఇదంతా వింటున్నంతసేపూ నా మనవరాలు కుర్చీలో గెంతుతూనే ఉంది.  చివరికి మా అమ్మాయి అడిగింది.

"కాలేజీలో ఫ్రెండ్స్‌తో స్పెయిన్ వెళ్తానంటే నాకేం చెప్పావు? మన ఇళ్ళల్లో ఆడపిల్లలు అలా తిరగరన్నావు. నువ్వు అప్పటికే తిరిగొచ్చావు కదా అమ్మా!"

 అది నిజం. ఆనాడు పందొమ్మిదేళ్ళ పిల్ల రెండు రోజులు గదిలోంచి బయటికి రాకుండా ఏడ్చినా నేను కరగలేదు. ఆ వంపులో లోయ ఎంత దగ్గరో నాకు తెలుసు కాబట్టి భయపడ్డాను. ఆ గట్టు మీద అన్నం ఎంత రుచో కూడా నాకే తెలుసు, అది మాత్రం చెప్పలేదు. అంతకన్నా పెద్ద అబద్ధం నా జన్మలో ఆడలేదు.

మనవరాలిని వెళ్ళనీయమన్నాను. దాని ఫోన్ దారి చూపిస్తుంది, వాళ్ళమ్మ ఫోన్లో అది ఏ వీధిలో ఉందో చుక్కలా కనిపిస్తూ ఉంటుందట. మంచిదే, నాకూ నిద్ర పడుతుంది. కానీ ఎవరి లెక్కలోనూ లేని వారం ఒకటి ఆ పిల్లకి ఎప్పటికీ దొరకదు గదా అని కాస్త జాలేసింది. నా తరంలో దారి తప్పడం ఎంత సులువో, మాయమైపోవడమూ అంతే సులువు. ఆ సౌఖ్యాన్ని ఒక్కసారి అనుభవించి, తలుపేసి, తాళంచెవి నా దగ్గరే దాచుకున్నాను.

లేచి వెళ్ళి, పొద్దున చర్చికి పట్టుకెళ్ళిన నా తెలుగు బైబిలు తెచ్చాను. దారం టీ రంగుకి తిరిగింది గానీ తెగలేదు. అది చూడగానే మనవరాలు చెయ్యి చాపింది. నేను మా అమ్మాయి చెయ్యి అందుకున్నాను. అది సగం వెనక్కి లాక్కుంది. నేను వదల్లేదు. ముసలి వేళ్ళతో ఎలాగో ముడివేసి, పాతికేళ్ళ కిందట అనాల్సిన మాట అన్నాను.

"వెళ్ళిరామ్మా."

ఎక్కడికని అది అడగలేదు.