చెల్లెమ్మా అన్నాక కాగితమెందుకన్నాడు

నాకు కంపెనీ దొరికింది. పోయిన వారం నుంచి కనపడిన ప్రతి మనిషికీ ఇదే చెబుతున్నా. నందిగామ గాంధీ సెంటర్లో జిరాక్స్ షాపాయనకి చెప్పా, మా అమ్మతో మిరప కోతకొచ్చే వాళ్లందరికీ చెప్పా, బస్సులో పక్కన కూర్చున్న ఒక పెద్దావిడకి కూడా చెప్పా. ఉద్యోగం వచ్చిందా అమ్మా, జీతమెంత అని అడిగిందావిడ. ఉద్యోగం కాదండి, ఫ్యాక్టరీ వాళ్లు మనుషుల్ని వెతికిపెట్టమని నాతో అగ్రిమెంటు రాసుకున్నారు, నా పేరు మీదే, అన్నా. అంటే నీకు ఉద్యోగం లేదన్నమాట, అనేసి కిటికీ వైపు తిరిగింది. అయినా నా సంతోషం తగ్గలేదు. దిగేటప్పుడు ఆవిడ మనవడు ఏం చదివాడో కనుక్కునే దిగా.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. మాది చందర్లపాడు దగ్గర పల్లె. అమ్మా నాన్నా పత్తికీ మిరపకీ కూలికెళ్తారు. బీకాం అయ్యాక హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీలో కొన్నాళ్లు చేసా. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎవరెవరికో ఫోన్లు చేసి ఉద్యోగం మారతారా అని అడగటమే పని. హాస్టల్ ఖర్చు పోను చేతిలో ఏమీ మిగలట్లేదని వచ్చేసా కానీ, ఆ పని ఎలా నడుస్తుందో మాత్రం నేర్చుకునే వచ్చా. సొంతంగా చేసుకునేవాళ్లలో ఒకరికి కంపెనీలు తెలిసుంటాయి, ఇంకొకరికి మనుషులు తెలిసుంటారు. రెండూ ఒకరి దగ్గరే ఉండటం తక్కువ. అందుకని ఇద్దరు కలిసి చేసి, మనిషి చేరాక కంపెనీ ఇచ్చే ఫీజు చెరిసగం తీసుకుంటారు. అదే పార్టనర్‌షిప్.

నా దగ్గర మనుషులున్నారు. ఐటీఐ చదివిన వెల్డర్లూ, డిప్లొమా ఫిట్టర్లూ, మా వైపు పిల్లల వివరాలు ఏ వెబ్‌సైట్లో వెతికినా దొరకవు. షిఫ్టు దిగి ఇళ్లకెళ్లే వాళ్ల షేర్ ఆటోలో కూర్చుంటే దొరుకుతాయి. మీ బ్యాచ్‌లో ఎవరు ఖాళీగా ఉన్నారు, ఎవరు మానేశారు అని అడిగేదాన్ని. ఫోన్ ముందు పిల్లాడికి కాదు, వాళ్ల నాన్నకి చేసేదాన్ని. ఎందుకంటే ఇంట్లో ఒప్పుకోకపోతే వాడు చేరినా నెలకే వచ్చేస్తాడు. సూపర్‌వైజరుతో గొడవపడి మానేశాడంటే, ఆ సూపర్‌వైజర్నే వెతికి పట్టుకుని అడిగేదాన్ని. ఇవన్నీ కలిపి ప్రతి మనిషి గురించీ నాలుగు మాటలు రాసేదాన్ని, ఇతను ఎందుకు నిలబడతాడో, ఎక్కడైతే నిలబడడో. ఉద్యోగాలిప్పిస్తామని డబ్బు పట్టుకుపోయినవాళ్లు మా వైపు చాలామంది. అందుకని నన్ను చూడగానే తలుపేసుకున్న ఇళ్లూ ఉన్నాయి. మీ దగ్గర పైసా తీసుకోం పిన్నీ అని వాకిట్లోనే నిలబడి చెప్పేదాన్ని.

లేనిది కంపెనీయే. జగ్గయ్యపేటలో ఒక హార్డ్‌వేర్ షాపాయనకి కంపెనీలతో పరిచయాలున్నాయని తెలిసింది. తాతల నాటి వ్యాపారం వాళ్లది. చుట్టుపక్కల సిమెంట్ ఫ్యాక్టరీలకి వెల్డింగ్ రాడ్లూ బోల్టులూ బేరింగులూ సప్లై చేస్తారు. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి హెచ్‌ఆర్ మేనేజరు దాకా ఆయన్ని షావుకారుగారూ అని పిలుస్తారు. మనుషులు దొరకట్లేదని వాళ్లు ఈయన దగ్గరే వాపోతారట. చిల్లకల్లులో బస్సు దిగి, ఆటో ఎక్కి వెళ్లా. రెండు పేజీల అగ్రిమెంటు టైప్ చేయించి పట్టుకెళ్లా. నేను చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. మనిషి మంచివాడు, తెలివిగలవాడు. సగం సగమే, నాకు సమ్మతమే అన్నాడు. కాగితం జరిపితే మాత్రం చేత్తో ముట్టుకోలేదు.

"చెల్లెమ్మా అన్నాక మన మధ్య కాగితాలేంటమ్మా."

చెప్పొద్దూ, కరిగిపోయా. అంత పెద్ద షాపులో, అంతమంది గుమస్తాల ముందు, మా ఇంటి పిల్లని చెల్లెమ్మా అనటం మాకు మామూలు సంగతి కాదు. ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని, నేనే సిగ్గుపడ్డా. వాళ్లింట్లో గృహప్రవేశానికి పిలిచారు. వాళ్లావిడ బొట్టు పెట్టి చీర ఇచ్చింది, వాళ్ల ఆడపడుచుల పక్కన కూర్చోబెట్టి భోజనం పెట్టింది. మా అమ్మ ఆ చీర వీధంతా చూపించొచ్చింది.

మూడేళ్లు పని బాగా సాగింది. నేను మనుషుల్ని వెతికి వివరాలు పంపటం, ఆయన ఫ్యాక్టరీల్లో మాట్లాడటం. డబ్బు దగ్గర ఏనాడూ తేడా చెయ్యలేదు, అది ఒప్పుకోవాలి. నా సగం నాకు అడక్కుండానే వచ్చేది. మనవాళ్లు బాగా నిలబడుతున్నారంట చెల్లెమ్మా, అని ఫోన్ చేసి చెప్పేవాడు. మేనేజర్లకి నా గురించి కూడా చెబుతూ ఉంటాడనుకునేదాన్ని. ఆ ఫ్యాక్టరీల గేటు నేనెప్పుడూ దాటలేదు. దాటాల్సిన అవసరం రాలేదు.

ఒకసారి వచ్చింది. వీరులపాడు దగ్గర ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన అమ్మాయి ఒకతె ఉంది. సిమెంట్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో కెమిస్టు పోస్టుకి ఇంటర్వ్యూ. ఒక్కదాన్నే పంపేది లేదన్నారు వాళ్లింట్లో. షావుకారుగారేమో పిల్లాడి పుట్టెంట్రుకలని కుటుంబంతో వేదాద్రిలో ఉన్నాడు. నువ్వే తీసుకెళ్లు చెల్లెమ్మా, నేను ఫోన్ చేసి చెప్తాలే అన్నాడు. ఇద్దరం ఇస్త్రీ చుడీదార్లు వేసుకుని వెళ్లాం. మేనేజరు మర్యాదగా కూర్చోమని, నా వైపు చూసి అన్నాడు.

"షావుకారుగారి షాపులో కంప్యూటర్ చూసుకునే అమ్మాయివి నువ్వేనా?"

కాదండి, ఆయనా నేనూ పార్టనర్లం, అన్నా. అలాగా అని నవ్వాడు, చిన్నపిల్ల ముద్దుమాట విన్నట్టు. తర్వాత కెమిస్టు పిల్ల వైపు తిరిగి, నువ్వు నెర్వస్ అవ్వక్కర్లేదమ్మా, షావుకారుగారు పంపారంటే సగం ఇంటర్వ్యూ అయిపోయినట్టే, అన్నాడు. మనిషిని చూడగానే ఆయనకి తెలిసిపోద్దట. ప్రతివాడి గురించీ నాలుగు ముక్కలు రాసి పంపుతాడట, అవి ఒక్కటి కూడా తప్పు కాలేదట. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నా. ఆ నాలుగు ముక్కల కోసం ఎన్ని షేర్ ఆటోలు ఎక్కానో నాకు తెలుసు. కెమిస్టు పిల్లకి ఉద్యోగం వచ్చింది. బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు.

మర్నాడు పొద్దున్నే జగ్గయ్యపేట వెళ్లా. గుండు మీద గంధంతో పిల్లాడు కౌంటర్ ఎక్కి కూర్చున్నాడు. నాకు వేదాద్రి ప్రసాదం పెట్టారు. తిన్నాకే అడిగా, నేను షాపులో కంప్యూటర్ చూసుకునే అమ్మాయినని చెప్పారా అన్నా అని. ఆయన కంగారు పడలేదు. దాచాలనీ అనుకోలేదు.

"అలా చెబితేనే కదమ్మా వాళ్లు వినేది. ఊరూ పేరూ తెలియని ఆడపిల్ల పంపింది, తీసుకోండంటే తీసుకుంటారా?"

"పార్టనర్ అని చెప్పి చూడొచ్చు కదన్నా."

"పార్టనర్ బయటోడు చెల్లెమ్మా. తేడా వస్తే పోతాడు. చెల్లెలంటే అంతకన్నా ఎక్కువ కాదూ?"

ఆయన మనసులో ఆ మాట నిజమే, మొహం చూస్తే తెలుస్తోంది. నాకు చీర పెట్టాడు, పంక్తిలో చోటు పెట్టాడు, డబ్బు లెక్కగా పెట్టాడు. పెట్టనిది పేరొక్కటే. నేను ఆయన్ని మోసగాడనటానికి లేదు, న్యాయస్థుడనటానికీ లేదు. ఈసారి మేనేజర్ల దగ్గరికి నన్నూ తీసుకెళ్లండి, పార్టనరని మీ నోటితో చెప్పండి, లేకపోతే నేను మనుషుల్ని పంపలేను, అన్నా. నీ ఇష్టం చెల్లెమ్మా అన్నాడు, కోపం లేకుండా. వాళ్లావిడ అరటిపళ్లు ఇచ్చి పంపింది.

ఆ తర్వాత నా దగ్గర మనుషులే మిగిలారు. రోజూ ఎవరో ఒకళ్ల నాన్న ఫోన్ చేస్తాడు, అమ్మా మావాడికి ఏమన్నా చూశావా అని. చూస్తున్నా బాబాయ్ అనటం, పెట్టేయటం. ఫ్యాక్టరీల గేట్ల దగ్గరికి సొంతంగా వెళ్లా. మెయిల్ పెట్టమన్నారు. పెట్టా. ఎవరూ చూడలేదు. మా అమ్మయితే, అంత మంచాయన్ని వదులుకున్నావు, పేరుతో ఏం చేసుకుంటావే అంది. చదివించింది నువ్వే కదా అన్నా. దానికీ దీనికీ సంబంధమేంటని మిరపకాయల బస్తా మీద కూర్చుని తిట్టింది. సంబంధం ఉందని ఆమెకి చెప్పటం నాకు చేతకాలేదు.

దారి చూపింది ఆ కెమిస్టు పిల్లే. నందిగామ అవతల కొత్తగా పెట్టిన మందుల ఫ్యాక్టరీలోకి మారింది. అక్కడ ఆపరేటర్లు నిలబడక తంటాలు పడుతుంటే, నన్ను చేర్చింది ఫలానా ఆవిడండి, మా ఇంటికొచ్చి మా నాన్నని ఒప్పించిందని చెప్పింది. పిలిచారు. గంటసేపు మాట్లాడారు. ఇంతకుముందు ఎవరితో కలిసి చేశారో వాళ్ల నంబరు ఒకటి ఇవ్వండి, కనుక్కుంటాం, అన్నారు.

నా దగ్గర ఉన్న నంబరు ఒక్కటే. ఇచ్చా.

పోయిన సోమవారం సంతకాలకి రమ్మన్నారు. అక్కడి మేనేజరమ్మ కాగితాలు నా ముందు పెట్టి, ఆయన మీ గురించి ఎంత బాగా చెప్పారోనండి, సొంత చెల్లెల్లాంటిదన్నారు, మూడేళ్లూ వాళ్ల షాపులో నమ్మకంగా పనిచేశారట కదా అంది. ఆ మాట మీదే నాకు పని ఇస్తున్నారని తెలుస్తోంది. పెన్ను చేతిలో ఉంది. ఊరుకుందామనుకున్నా. నోరు ఊరుకోలేదు.

"షాపులో కాదండి. మేమిద్దరం పార్టనర్లం."

"ఏదైతే ఏంలెండి, ఇక్కడ సంతకం పెట్టండి."

ఆమెకది నిజంగానే ఏదైనా ఒకటే. నా పేరు మూడు చోట్ల రాసా, నీట్‌గా, పూర్తిగా. ఆ సంతోషం అబద్ధం కాదు. గేటు బయట రోడ్డు మీదే అమ్మకి ఫోన్ చేసి అరిచా.

తర్వాత ఆయనకి చేసా. మంచి మాట చెప్పినందుకు చెయ్యాలి కదా. ఆయన నాకన్నా ఎక్కువ పొంగిపోయాడు. మన షాపు నుంచి వెళ్లి అగ్రిమెంటు దాకా ఎదిగావు చెల్లెమ్మా అన్నాడు. పేటలో అప్పుడే చాలామందికి చెప్పాడట. ఆ తర్వాత గొంతు తగ్గించి, ఇంతకీ అక్కడ వాళ్లకి బోల్టులూ రాడ్లూ ఎవరేస్తున్నారో కాస్త కనుక్కోమ్మా, పర్చేజ్ వాళ్లకి నా గురించి ఒక మాట చెప్పు, అన్నాడు.

"చెప్తానన్నా. ముందు మీరా మేనేజరమ్మకి ఫోన్ చేసి, నేను మీ పార్టనర్నని చెప్పండి."

అవతల ఎవరో బేరింగు సైజు అడుగుతున్నారు, గుమస్తా చెబుతున్నాడు. అలాగేలే చెల్లెమ్మా, అన్నాడు చివరికి.

వారం దాటింది. ఆయన ఇంకా ఫోన్ చెయ్యలేదు. పర్చేజ్ ఆఫీసు, నేను ఫ్యాక్టరీకి వెళ్లినప్పుడు కూర్చునే గది పక్కనే. బోల్టుల సంగతి నేనూ అడగలేదు.