తమ్ముడి గేటు పాసు

మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి రేవులో, నడుములోతు నీళ్లలో నిలబడి చెబుతున్నాననుకోండి. ఇందులో ప్రతి ముక్కా నిజం.

ఎనభైల చివర్లో నేను మిర్యాలగూడలో కిరాయికి ఉంటూ, సిమెంటు ఫ్యాక్టరీ ప్యాకింగులో కాంట్రాక్టు కూలీగా చేసేవాణ్ణి. సంచి మూతిని గొట్టానికి తగిలించడం, నిండగానే లాగేయడం, అంతే పని. సాయంత్రం నా ముఖం మీద నీళ్లు చల్లి గీకితే ఒక గోడ పూతకు సరిపడా సిమెంటు వచ్చేది.

అక్కడొక పద్ధతి ఉండేది. ఏడాదంతా ఎడం లేకుండా చేసినవాడు పర్మనెంటు అడుగుతాడని, గడువు నిండకముందే కాంట్రాక్టరు పాసు లాక్కుని కొన్నాళ్లు ఇంట్లో కూర్చోబెట్టేవాడు. దాన్ని బ్రేక్ అనేవాళ్లం. మూడోసారి నన్ను కూర్చోబెట్టినప్పుడు నాకో తెలివి పుట్టింది. మా తమ్ముడు అక్కడే నాలుగు రోజులు చేసి, దుమ్ము పడక, కోదాడలో పంక్చర్ దుకాణం పెట్టాడు. వాడి పాసు నా దగ్గరే ఉంది. ఫొటో సగం గీసుకుపోయింది. దాంతో లోపలికి వెళ్లాను.

మేస్త్రీ చూసి నవ్వాడు. "గదే పాసు మీద ఉండు. నీ పేరు మళ్ల ఎక్కియ్యాలంటే నాకు తిప్పలు."

అలాగే ఉండిపోయాను. ఇంతలో మేస్త్రీ మారాడు. కొత్తాయన తమ్ముడి పేరుకు బ్రేక్ ఇవ్వడం మరిచాడు. ఏడాది దాటింది. ఒక పొద్దున పర్మనెంటు ఇంటర్వ్యూకు పిలిచిన పేర్లు గేటు దగ్గర అంటించారు. అందులో తమ్ముడి పేరుంది. నాది లేదు.

బడి సర్టిఫికెట్ తెమ్మన్నారు. తమ్ముడిది సూర్యాపేటలో అమ్మ పెట్టెలో ఉంటుందని పరుగెత్తాను.

"ఫ్యాక్టరీ నుంచి కార్డు వచ్చింది రా. తమ్ముడు నిన్ననే వచ్చి అదీ, సర్టిఫికెటూ పట్టుకపోయిండు," అంది అమ్మ.

కోదాడ బస్సెక్కాను. వాడు ట్యూబును నీళ్లతొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. తల ఎత్తలేదు.

"సర్టిఫికెట్ ఇయ్యి తమ్మీ. పని చేసింది నేను."

"పేరెవరిది అన్నా?"

"పేరొచ్చి సంచులు పట్టిందా?"

"నీ పేరు మీదనే పట్టాల్సుండె. ఎవడొద్దన్నడు?" బుడగ లేచినచోట వేలు పెట్టి ఆపాడు. "వచ్చే నెల ఈ దుకాణం ఖాళీ చెయ్యమంటున్నరు. నీకొక్కనికేనా పరేషాన్?"

ఇంటర్వ్యూకు ఇద్దరం వెళ్లాం. ఆఫీసరు వాణ్ణి చేతులు చూపించమన్నాడు. అన్నీ గ్రీజు మరకలు. సిమెంటు తిన్న వేళ్లు కావవి. సంచి ఎలా తగిలిస్తావో చెప్పమంటే వాడు నీళ్లు నమిలాడు. అప్పుడు నేను లోపలికి నడిచి, పగిలిన నా వేళ్లు బల్ల మీద పరిచి, "ఆ ఏడాదంతా చేసింది నేనండీ" అన్నాను. ఆయన వాటిని చూసి, వాడి పేరు కొట్టేసి నాది రాశాడు.

ఆ గదిలో జరిగిందంతా నా కల్పన. ఆఫీసరు ఎవరి చేతులూ చూడలేదు. నిజం చెబితే ఇద్దరికీ పోతుందని నేను గేటు బయటే నిలబడ్డాను. సంచి ఎలా తగిలించాలో మాత్రం ఆ పొద్దున మిర్యాలగూడ నుంచి ఫ్యాక్టరీకి వచ్చే బస్సులో, భుజం మీది తువ్వాలు సంచిలా పట్టి, వాడికి నేనే నేర్పాను. బాగా చెప్పాడట, పర్మనెంటు వాడికే వచ్చింది. మరుసటి వారం నా సొంత పేరుతో మళ్లీ కాంట్రాక్టులో చేరాను, మొదటి రోజు కూలీగా.