పెద్దమ్మ కట్టిన వల ముక్క

మా పెద్దమ్మ పోయిందని అమ్మ ఫోన్ చేసేసరికి నేను బరంపురం స్టేషన్‌లో సూరత్ బండి కోసం నిలబడి ఉన్నాను. రేపోమాపో పెద్దమ్మని ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేస్తామన్నారని ధైర్యంగా బయల్దేరాను. అమ్మ ఏడుస్తూ ఏదో చెబుతోంది. నాకు మాత్రం లంజిపల్లిలో పెద్దమ్మ వాటాలో ఉన్న గాజుతొట్టి గుర్తొచ్చింది. ఈ పూట దాని మొహం చూసేవాళ్లు లేరు. సంచి భుజాన వేసుకుని బయటికి నడిచాను.

బరంపురం వాళ్లయితే మీలో చాలామంది బజార్లో ఆమె దగ్గర చేపలు కొనే ఉంటారు. ‘ఇది నిన్నటిది, మీకొద్దు’ అని కొనేవాళ్ల చేతిలోంచి లాక్కునేది ఆమే. ఆ తొట్టి మాత్రం ఆమె కొన్నది కాదు. పై వాటాలో ఉండే బ్యాంకు ఉద్యోగి బదిలీ మీద వెళ్తూ, మోసుకెళ్లలేక, కాస్త చూస్తూ ఉండమని ఇచ్చాడు. మళ్లీ రాలేదు. ఫోన్లో అడిగి అడిగి పెద్దమ్మే అంతా నేర్చుకుంది.

అందులో చేపలు లేవు. మెత్తటి పగడాలున్నాయి. రాయిలా ఉండవు; కండలా మెత్తగా, నీళ్లు ఎటు కదిలితే అటు ఊగుతాయి. గొడుగులా విచ్చుకునే పెద్దదాన్ని పెద్దమ్మ ‘ముసల్ది’ అనేది. గుండ్రంగా, రంగురంగులుగా ఉండే చిన్నవి ‘బిళ్లలు’. బజారు నుంచి వచ్చి, టీ గ్లాసు పట్టుకుని వాటి ముందు కూర్చునేది.

“బతుకంతా సచ్చినవే అమ్మినానురా. ఈటిని ఊపిరితో సూడనీ.”

నేను ఎనిమిదిలో బడి మానేశాను. సూరత్ మిల్లు, విశాఖలో వెల్డింగు, ఖల్లికోట వైపు రొయ్యల చెరువు. ఎక్కడా కుదురు లేదు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ పెద్దమ్మ దగ్గరికి పోయేవాణ్ని. అక్కడా నా చెయ్యి ఊరుకునేది కాదు. తొట్టిలో పెట్టి ముసల్దాన్ని ఇటు జరిపేవాణ్ని, అటు తిప్పేవాణ్ని.

“సెయ్యి తియ్యి. నిన్ననే కదా జరిపినావు? నిన్నూ అలాగే తిప్పితే ఏటి సేత్తావు?”

“నేను తిరుగుతానే ఉన్నాను కదే.”

“అందుకే ఎక్కడా అతుక్కోలేదు.”

బిళ్ల ఒకటి రాయి నుంచి ఊడితే పెద్దమ్మ దాన్ని ఇంకో రాయి మీద పెట్టి, పైన నీలం వల ముక్క కప్పి, దారంతో వదులుగా కట్టేది. గమ్ పెడితే సరిపోదా అన్నాను.

“జిగటకి జారిపోద్ది. దానంతట అదే పట్టుకోవాల.”

“ఎప్పుడు విప్పాలి మరి?”

“రోజూ విప్పి సూత్తే అతుక్కుంటాదేటి?”

ఆస్పత్రికి వెళ్లిన రోజు పొద్దున కూడా అలా ఒకదాన్ని కట్టి వెళ్లింది.

అస్థికలు గోపాల్‌పూర్ సముద్రంలో కలిపి వచ్చాక, మా మావయ్య, అంటే ఆమె తమ్ముడు, ఒక క్యాను తొట్టిలో ఒంపేసి రెండో క్యాను మూత తీస్తూ కనిపించాడు. ముసల్ది అప్పటికే పిడికిలిలా ముడుచుకుపోయింది.

“మావా, ఆగు! ఏటి పోస్తున్నావు?”

“సముద్రం నీరురా. అక్కని కలిపిన నీరు. నీళ్లు తగ్గిపోనాయి కదా. ఒద్దంటావేటి?”

సముద్రం మీద బతికినవాడికి సముద్రం నీరు వద్దని ఎలా చెప్పను? పెద్దమ్మ కూడా మొదట్లో ఇదే చేసిందట. ఆమె నాతో అన్న మాటే మావయ్యతో అన్నాను.

“ఉప్పు మళ్లు సూడలేదా మావా? ఎండకి నీరే పోద్ది, ఉప్పు ఉండిపోద్ది. ఇందులోనూ అంతే. తగ్గింది మంచినీరే. మళ్లీ ఉప్పునీరు పోస్తే ఉప్పు మీద ఉప్పు.”

మావయ్య కాసేపు క్యాను వైపే చూసి, మూత బిగించి గుమ్మం పక్కన పెట్టాడు. నేను తొట్టిలో నీళ్లు కాసిని తీసి, కొద్దికొద్దిగా మంచినీరు కలుపుతూ కూర్చున్నాను.

కర్మ అయ్యాక ఇంటివాళ్లు వాటా ఖాళీ చెయ్యమన్నారు. “ఆ తొట్టి ఎవరికైనా ఇచ్చీరా. నువ్వు ఎల్లిపోతే ఎవులు సూత్తారు?” అంది అమ్మ. సూరత్ మేస్త్రీ అప్పటికే రోజూ ఫోన్లు చేస్తున్నాడు. ఊళ్లోనే నేనుండే గదికి తీసుకెళ్తానన్నాను. అనేశాక భయం వేసింది.

తొట్టి నీళ్లే బకెట్లలో నింపి, రాళ్లతో సహా పగడాలను అందులో దించాం. ముసల్దున్న బకెట్‌ను మావయ్య ఆటోలో ఒళ్లో పెట్టుకున్నాడు. డ్రైవరు తొంగిచూసి, “మాఛ కాహిఁ?” అన్నాడు ఒడియాలో, చేపలు ఎక్కడ అని.

“చేపలు కావు. మా అక్కవి. నెమ్మదిగా పోనీ,” అన్నాడు మావయ్య.

తొట్టి అడుగున మిగిలిన మురికినీళ్లు పారబోశాం, దారిలో కొన్ని ఒలికాయి. నా గదిలో తొట్టి సర్దాక అందుకే నీళ్లు చాలలేదు. ఈసారి పోయింది ఉప్పునీరే. ఉప్పునీరే పొయ్యాలి.

“ఇప్పుడు పొయ్యి మావా.”

మావయ్య పెద్దమ్మ గుమ్మం దగ్గరి నుంచి తెచ్చుకున్న క్యాను ఎత్తాడు. గుడ్డలోంచి వడగడుతూ, పాపాయికి నీళ్లు పోసినట్టు పోశాడు. ఆపకుండా ముక్కు ఎగబీలుస్తూనే ఉన్నాడు.

ముసల్ది ఇంకా విచ్చుకోలేదు. ఒంటి మీద మైనంలాంటి పొర కట్టింది. చచ్చిపోయిందేమో అనిపిస్తుంది, వెలుగులోకి జరపాలనిపిస్తుంది. పొర విడిచేదాకా అలాగే ఉంటుందనీ, ముట్టుకోవద్దనీ పెద్దమ్మ అనేది. గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాను. ఇందాక మేస్త్రీ మళ్లీ ఫోన్ చేశాడు.

“ఎప్పుడొత్తావురా?”

“ఒకటి అతుక్కోవాలి, అన్నా. అతుక్కున్నాక సెప్తాను.”

“ఏటి అతుక్కోవాల?”

ఫోన్ పెట్టేశాను. తొట్టిలో చెయ్యి పెట్టాను. నీలం వల మీద పెద్దమ్మ వేసిన ముడి వేలికి తగిలింది. లాగితే వచ్చేస్తుంది. చెయ్యి తీసేశాను. మోచేతి నుంచి నీళ్లు నేల మీద కారుతున్నాయి. లోపల ముడి కొస ఊగుతోంది. వల కన్నంలోంచి బిళ్ల అంచు కొంచెం బయటికి వచ్చింది. రాయిని పట్టుకుందో, ఊరికే తొంగిచూస్తోందో.