దుప్పి సూపూ, ఎస్కో ఉప్పూ

ఎస్కో నలభై ఏళ్లు కలప లారీ నడిపాడు. ఆ నలభై ఏళ్లూ వెళ్లి అతని నడుములో కూర్చున్నాయి. రిటైరైన ఏడాది చలికాలంలో, సాక్సు తొడుక్కోవడానికి వంగలేక, మంచం మీద కూర్చుని ఫోన్లో నడుము నొప్పి గురించి వెతికాడు. ఫోను అతనికి డాక్టర్ని చూపించలేదు. తంపెరె నగరంలో ఏదో మేడగదిలో చాప పరుచుకుని కూర్చున్న విల్యా అనే పాతికేళ్ల యోగా పిల్లని చూపించింది. "ఎక్కడున్నారో అక్కణ్ణుంచే మొదలుపెట్టండి," అంది ఆ పిల్ల. ఎస్కో ఉన్నది మంచం మీద. అక్కణ్ణుంచే మొదలుపెట్టాడు.

ముప్ఫై రోజుల పాఠం అది. కర్టెన్లు మూసుకుని చేశాడు. నుర్మెస్ పట్నానికి ఇవతల, కిలోమీటరుకో ఇల్లుండే ఆ ఊళ్లో తొంగిచూసేవాడెవడూ లేడు. అయినా మూశాడు. పంతొమ్మిదో రోజున విల్యా, మిగిలిన పదకొండు రోజులూ మాంసం మాని చూడమంది. ఎస్కో బఠాణీ సూపు పంది ముక్కల్లేకుండా కాచుకున్నాడు. పుట్టగొడుగులు, బంగాళాదుంపలు, రై పిండి రొట్టెతో నెట్టుకొచ్చాడు. గడువు తీరిన మర్నాడు ఫ్రీజర్ తెరిచి, దుప్పి మాంసం పొట్లాల వంక కాసేపు చూసి, మళ్లీ మూసేశాడు. ఎందుకని అడిగితే చెప్పలేడు. అడిగేవాళ్లూ లేరు, భార్య విడిపోయి పన్నెండేళ్లయింది.

పాఠం ముగిసిన రోజు వంగితే చేతివేళ్లు నేలకు తగిలాయి. అంత పెద్ద సంగతి ఎవరో ఒకరికి చెప్పుకోవాలి కదా! వీడియో కింద రాశాడు: "పేరు ఎస్కో. అరవై మూడేళ్లు. ఇవాళ నేల అందింది." సాయంత్రానికి రెండు వందల పద్నాలుగు మంది గుండె బొమ్మ నొక్కారు. ఆ అంకె చూసి ఎస్కో ఏడ్చాడు. ఏడ్చి, ముక్కు చీదుకుని, కట్టెలు కొట్టడానికి వెళ్లాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా దుప్పితోనే వచ్చింది.

ఆ ఊళ్లో పన్నెండు మంది వేట జట్టు ఉంది. ఆకురాలే కాలంలో గుర్రమంతేసి దుప్పుల్ని వేటాడతారు. ఎవరెవరి సొంత అడవుల్లో వేటాడారో వాళ్లందర్నీ నవంబరులో పిలిచి దుప్పి సూపు పోస్తారు. ఆ విందులో మర్యాద తప్పితే మరుసటేడు అడవిలో అడుగు పెట్టనివ్వరు. ఇరవై ఆరేళ్లుగా ఆ సూపు కాచేది ఎస్కోనే. అతనికి మాట నేర్పు లేదు, పిల్లల్లేరు, నాలుగేళ్లుగా తుపాకీ గురి కూడా లేదు. ఊళ్లో అతనికున్నది ఆ గరిటె ఒక్కటే. అదీ పోతే తనను పిలిచే గడపే ఉండదని అతని భయం. మాంసం మానేసినవాడికి వేట జట్టులో ఏం పని? అందుకే నోరు మెదపలేదు.

విందు రోజు పొద్దున్నే ఊరి హాలు వెనక వంటగదిలో ఎనభై లీటర్ల గుండిగ పొయ్యెక్కించాడు. ముందురోజే మాంసానికి ఉప్పు పట్టించడం జట్టు పెద్ద ఆంటేరో పని. ఆంటేరో చేతి కొలత ఏ ఏటికా ఏడు వేరు. అందుకే ఎస్కో ఎప్పుడూ నాలుగైదుసార్లు రుచి చూసుకుని గానీ పై ఉప్పు వేసేవాడు కాదు. ఈసారి గరిటె నోటిదాకా తెచ్చి, ఆవిరి ముక్కుకు తగలగానే దించేశాడు. ఇన్నేళ్ల అలవాటు, చెయ్యే చూసుకుంటుందిలే అనుకుని రెండు గుప్పిళ్లు వేశాడు.

పదకొండింటికి ఆంటేరో జట్టువాళ్లతో వచ్చి, కప్పు ముంచి ఒక గుక్క తాగాడు. గబగబా బయటికి వెళ్లి మంచులో ఉమ్మేసి వచ్చాడు.

"ఏరా, సముద్రం గానీ తెచ్చి కాచావా?"

ఎస్కో గరిటె తిప్పుతూనే ఉన్నాడు.

"రుచి చూళ్ళేదూ?"

"లేదు."

"గంటన్నరలో నూట ఇరవై మంది వచ్చి కూర్చుంటార్రా! ఏమొచ్చింది నీకు?"

"మార్చి నుంచి మాంసం తినట్లేదు," అన్నాడు ఎస్కో, గుండిగతో చెప్తున్నట్టు.

కప్పులు సర్దుతున్న తక్కినవాళ్ల చేతులు ఆగిపోయాయి.

"తెలుసు," అన్నాడు ఆంటేరో.

"ఏం తెలుసు?"

"నీ వాటా మాంసమంతా మీ పక్కింటి హెల్మి ముసలమ్మకిచ్చేస్తే ఆవిడ నోరు మూసుకుంటుందనుకున్నావా? ఆ తంపెరె పిల్ల వీడియో కింద నువ్వు రాసింది కూడా చూశాం. నేల అందిందిట, మహా!"

"మరి ఎవరూ ఏమీ అడగలేదే?"

"నువ్వు చెప్పలేదుగా."

"గుండె బొమ్మ... నువ్వూ నొక్కావా?"

"మా ఆవిడ నొక్కింది." ఆంటేరో పొయ్యి వంక చూశాడు. "నాది వేలు జారి పడింది. సరేగానీ, కత్తులు తియ్యండ్రా. ఎంతమంది చేతులుంటే అన్ని బంగాళాదుంపలు."

సగం రసం తీసేసి నీళ్లు పోశారు. రెండు బస్తాల దుంపలు తొక్క తీశారు. ఈలోగా ఆంటేరో మూడుసార్లు కప్పు ముంచాడు, మూడోసారి ఉమ్మలేదు. పన్నెండున్నరకి అందరూ హాల్లోకి వెళ్లారు. సూపు కాచినవాడు అతిథుల ముందు నిలబడి మొదటి కప్పు తాగితే గానీ ఎవరూ గిన్నె ముట్టరు, అక్కడి పద్ధతి అది. ఎస్కో కప్పు పట్టుకున్నాడు. ఒక్క గుక్కే కదా, మింగేస్తే పోతుంది అనుకున్నాడు. కప్పు పెదవుల దాకా వచ్చి ఆగింది.

ఆంటేరో ఆ కప్పు లాక్కుని, అడుగంటా తాగి, మూతి తుడుచుకున్నాడు.

"ఉప్పు సరిపోయింది, రండి," అన్నాడు.

ముందు వరసలో ముసలివాళ్లు ఇద్దరు ముఖాలు చూసుకున్నారు. తర్వాత ఆకలి గుర్తొచ్చి వరస కట్టారు. ఎస్కో పోశాడు. తను వంటగదిలో నిలబడి రొట్టె ముక్క తిన్నాడు.

జట్టు జనవరి సమావేశంలో, గరిటె తనే అప్పగించేద్దామని ఎస్కో దాన్ని సంచీలో పెట్టుకుని వెళ్లాడు. ఆంటేరో అప్పటికే జట్టు పుస్తకంలో ఆ ఏటి పనులు పంచి రాసేశాడు. పాత పేజీల్లో ఇరవై ఆరుసార్లు "సూపు: ఎస్కో" అని ఉంది. ఈసారీ అదే ఉంది. దాని కిందే కొత్త వరస ఒకటి చేరింది. "నాలుక: ఆంటేరో."