పులికాళ్ల కుంపటి

వేంపల్లె బస్టాండు వెనక దాసన్నకు వెల్డింగు షాపు ఉంది. ఊళ్లో సగం గేట్లు ఆయన చేసినవే. చర్చి గంటను మోసే ఇనుప చట్రం కూడా ఆయన చేతిదే. యాభై దాటినా చేయి వణకదు. పనిలో కూర్చుంటే అన్నం సంగతి గుర్తుండదు. అట్లాంటి మనిషికి రెండేళ్లుగా ఒక పేరు వింటే చాలు, ఒళ్లు మండుతుంది. అది ఆయన బామ్మర్ది యేసుప్రసాద్ పేరు.

యేసుప్రసాద్ ఆయన దగ్గరే పని నేర్చుకుని, పెళ్లయ్యాక కమలాపురంలో సొంత షాపు పెట్టుకున్నాడు. అక్కడి పాత మిషన్ బంగళా వరండాలో దొరల కాలం నాటి బొగ్గుల కుంపటి ఒకటి పడి ఉండేది. పోత ఇనుముది. పడవలాంటి తొట్టి, అంచు చుట్టూ ద్రాక్షతీగ, కింద పులి పంజాల్లాంటి నాలుగు కాళ్లు. దాని మీద దొరలు మాంసం కాల్చుకునేవాళ్లట. యేసుప్రసాద్ దాన్ని చూసి రేకుతో అట్లాంటిదే చేసి కడపలో ఒక హోటలుకు ఇచ్చాడు. హోటలు వాకిట్లో దాని మీద మాంసం గుచ్చిన సీకులు కాలుస్తుంటే జనం నిలబడి ఫోటోలు తీసుకున్నారు. ఆపైన కర్నూలు నుంచి, నంద్యాల నుంచి అడగడానికి వచ్చారు. ఎవరో వీడియో కూడా తీశారు.

ఆ వీడియోను దాసన్నకు చూపించింది భార్య విశ్వాసమ్మే. "చూడప్పా, మా తమ్ముడు ఎంత బాగా మాట్లాడుతాండాడో!"

దాసన్న చివరిదాకా చూశాడు. తన పేరు ఎక్కడైనా వస్తుందేమోనని చూశాడు. రాలేదు.

"ఆ కాళ్లు చూడు, ఎంత ఎడంగా పెట్టినాడో. పాతదానికి యాడ ఉండాయి అట్లా? అప్పుడే పుట్టిన దూడ నిలబడినట్టు ఉండాది."

"నీకెందుకప్పా అంత కడుపుమంట? వాడు నీ దగ్గర నేర్చుకున్నోడే కదా."

"అందుకే," అన్నాడు దాసన్న.

అంతవరకూ యేసుప్రసాద్‌ను అందరూ దాసన్న బామ్మర్ది అనేవాళ్లు. ఇప్పుడు టీ అంగడి దగ్గర కొత్తవాళ్లకు దాసన్నను చూపించి, "కుంపట్ల యేసుప్రసాద్ లేడూ, ఆయన బావ" అంటున్నారు. ఆ మాట విన్న రోజు దాసన్న టీ సగం తాగి లేచాడు.

ఎవరికీ చెప్పకుండా కమలాపురం పోయి, బంగళా వరండాలో గొంతుకూర్చుని పాత కుంపటి కొలతలన్నీ తీసుకున్నాడు. మిగతా పనులు పక్కన పెట్టి అచ్చం దానిలాగే చేశాడు. ద్రాక్ష ఆకుల మీద ఈనెలు కూడా దించాడు. కాళ్లు పాతదానికి మల్లే సన్నగా, దగ్గర దగ్గరగా. పిడులు కూడా ఇనుపవే. షాపు ముందు నిలబెట్టి చూసుకుంటే, బామ్మర్ది చేసింది దీని ముందు ఎందుకూ పనికిరాదనిపించింది.

చర్చిలో కోత పండుగ వచ్చింది. ఆరాధన అయ్యాక భోజనాలు. పాస్టరు వసంతకుమార్ మాట మీద బావ, బామ్మర్ది ఇద్దరి కుంపట్లూ పక్కపక్కనే పెట్టారు. తుమ్మబొగ్గులు రాజుకున్నాయి. జనమంతా దాసన్న కుంపటి చుట్టూనే చేరారు.

"దాసన్నా, ఏం పనితనమప్పా ఇది!"

దాసన్న వినీ విననట్టు నిలబడ్డాడు. ఓరకంట బామ్మర్ది ముఖం చూశాడు. యేసుప్రసాద్ కళ్లు మాత్రం కుంపటి కాళ్ల మీదే ఉన్నాయి.

"బావా, నిప్పులు కొంచెం తగ్గించు."

"నువ్వు నాకు చెప్తాండావా?" అని దాసన్న ఇంకో చాటెడు బొగ్గులు పోశాడు.

సీకులు తిప్పుదామని విశ్వాసమ్మ ముందుకు వంగింది. ఆమె మోచెయ్యి అంచుకు తగిలింది. అంతే, కుంపటి ఆమె వైపు ఒరిగి పడింది. నిప్పులన్నీ ఆమె కాళ్ల మీద.

దాసన్నకు మొదట వచ్చింది సిగ్గు. వీడి ముందర పడిపోయిందే అనుకున్నాడు. భార్య కేక విన్నాక గానీ భయం రాలేదు. అప్పటికే యేసుప్రసాద్ చేతులు కడుక్కునే నీళ్ల బకెట్ ఎత్తి అక్క చీర మీద కుమ్మరించాడు. దాసన్న ఎర్రగా కాలిన పిడులను వట్టి చేతులతో పట్టుకుని తొట్టిని అవతలికి లాగేశాడు. రెండు అరచేతులూ బొబ్బలెక్కాయి.

ఆసుపత్రిలో విశ్వాసమ్మ కాళ్లకు కట్లు కట్టారు. ప్రాణభయం లేదు గానీ మచ్చలు పోవన్నారు. యేసుప్రసాద్ బయట బెంచీ మీద బావ పక్కన కూర్చున్నాడు.

"పాతదాని పాదాలకు బొక్కలుండాయి, చూసినావా బావా?" అని అడిగాడు.

"చూసినా. ఎందుకూ పనికిరావని వదిలేస్తి."

"దాన్ని నేలబండకు బోల్టులేసి బిగించేవాళ్లు. పైగా అది పోత ఇనుము, శానా బరువు. మనం చేసేది రేకు. నిప్పులు పోస్తే బరువంతా పైనే. అందుకే నేను కాళ్లు ఎడంగా పెట్టి, కింద మందం పలక వేసినా. పిడులకు కట్టె తొడిగినా."

"ఇదంతా నీకెట్లా తెలుసు?"

యేసుప్రసాద్ లుంగీ పైకి జరిపి తొడ మీద పాత కాలిన మచ్చ చూపించాడు. "నేను మొదట చేసింది కూడా పడిపోయింది."

"నాకెందుకు చెప్పలేదురా?"

"నవ్వుతావని."

దాసన్న తన చేతి కట్ల వైపు చూసుకున్నాడు. "నవ్వేవాణ్ణే," అన్నాడు.

చేతులు బాగయ్యాక దాసన్న ఆ సన్నకాళ్లు కోసేసి, వెడల్పుగా కొత్తవి అతికించాడు. కింద పలక వేశాడు. నిండా ఇటుకలు పెట్టి నాలుగు వైపులా తోసి చూశాడు. కదల్లేదు. కొన్నాళ్లకు పత్తికొండ నుంచి ఒక హోటలాయన వచ్చి దాన్ని చూసి ముచ్చటపడ్డాడు.

"ద్రాక్షతీగ భలే ఉండాది. ఈ కాళ్లు ఇట్లా పెట్టాలని నీకే తోచిందా?"

దాసన్న సుత్తి ఒకచోట నుంచి తీసి ఇంకోచోట పెట్టాడు. "మా బామ్మర్దికి తోచింది. కమలాపురంలో ఉంటాడు."

"ఆయన నంబరు ఉందా?"

నంబరు ఇచ్చాడు. ఆ మనిషి అక్కడే నిలబడి ఫోన్ చేశాడు, నవ్వుతూ మాట్లాడాడు. ఆ నవ్వు వినపడకుండా దాసన్న లోపలికి పోయి గ్రైండర్ వేశాడు.

కాసేపటికి విశ్వాసమ్మ టీ తెచ్చింది. "ఎవరప్పా వచ్చింది?"

"నీ తమ్ముడికి గిరాకీ," అని గ్లాసు అందుకున్నాడు.