వెండి రంగు గారెలు

ఆ రోజుల్లో అంటే మరీ వెనక్కి వెళ్లక్కర్లేదు. అప్పటికే అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, నా చేతిలో మాత్రం ఫోనుతో పాటు హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా కూడా ఉంది. కొత్తగా చదువు ముగించినవాడికి తను చెప్పింది నలుగురూ వింటారన్న భ్రమ ఒకటి ఉంటుంది. నాకది భిలాయిలో, మన తెలుగువాళ్లుండే ఖుర్సీపార్‌లో, మా మావయ్య టిఫిన్ హోటల్లో వదిలింది. ఎవరు వదిలించారో, ఎవరెవరు పక్కన నిలబడి నవ్వారో అంతా గుర్తుంది. (మావాళ్లు దీన్ని పగ అంటారు. నేను జ్ఞాపకశక్తి అంటాను.)

మా అత్త చేతి గారెకి ఖుర్సీపార్‌లోనే కాదు, స్టీలు ప్లాంటు ఆఫీసర్లుండే సెక్టార్లలోనూ పేరుంది. మూకుట్లోంచి తీసినప్పుడు దానికి లోటేమీ ఉండేది కాదు. ఆ తర్వాతే దాని బతుకు పాడయ్యేది. వెదురు బుట్టలో పాత హిందీ పేపర్లు పరిచి గుట్టగా పోసేవారు. అడుగున పడ్డవి తమ ఆవిరికి తామే చెమటలు పట్టి మెత్తబడేవి. తిరగేస్తే నిన్నటి వార్తలు అద్దంలో చూసినట్టు ఉల్టాగా కనిపించేవి. చదువు ముగించి వచ్చి మొదటిసారి చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. వచ్చాక మరి ఆగలేదు. వేయించినవాటిని తీగల జాలీ మీద విడివిడిగా పెట్టాలనీ, నూనె కింది పళ్లెంలోకి కారిపోవాలనీ, అడుగున గాలి ఆడాలనీ, అదే జాలీని ముందు అద్దాల బీరువాలో పెడితే దారినపోయేవాడు ఆగిపోతాడనీ చెప్పాను. మావయ్య చాయ్ వడగడుతూ అంతా విని, "మరి పేపర్లు ఏటి సేద్దాం రా?" అన్నాడు.

నాకు కావలసింది ఒక్కటే, ఆ పొయ్యి దగ్గర చోటు. అది దొరక్కపోతే జాముల్‌లో సిమెంటు ఫ్యాక్టరీకి లారీలు తిప్పే మా పెదనాన్న దగ్గర కాంటా పని సిద్ధంగా ఉంది. రోజంతా దుమ్ములో కూర్చుని వచ్చే లారీని, పోయే లారీని తూయడం. సరిగ్గా అప్పుడే సెక్టార్‌లో ఉండే పిన్ని (అత్తకి పిన్ని కూతురు, భర్త ప్లాంటులో ఇంజనీరు) తన కూతురి నిశ్చితార్థానికి గారెలు, బజ్జీలు మావయ్యకి అప్పజెప్పింది. ఫంక్షన్ హాల్లోనే వేడివేడిగా వేసి పెట్టాలి. అత్త నా పక్షాన మాట్లాడింది. ఆ వేళ జాలీ మీదే పెడదామనీ, బాగుంటే వేపుడు పొయ్యి నాకు వదిలేయమనీ, లేకపోతే జాముల్ ఎలాగూ ఉందనీ తేల్చింది. మావయ్య ఒప్పుకున్నాడు.

స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ ఫోన్లో ఆర్డరిస్తే ఇంటికే వస్తుందని బొమ్మ కూడా చూపించాను. మావయ్య నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. "స్టీలు ఊళ్లో బతుకుతూ జాలీ బయట నుండి తెప్పించుకుంతే నలుగురూ మొహాన ఉమ్మెయ్యరేటిరా?" అన్నాడు. ఇక్కడివాళ్ల పౌరుషం అది. ఇనుముతో అయ్యే ఏ వస్తువైనా తెలిసిన వెల్డరు చేత చేయించుకోవాలి తప్ప కొనకూడదు. ఆ విధంగా పని వెల్డింగ్ బాబాయికి వెళ్లింది. ఆయన ప్లాంటులో కాంట్రాక్టు పనులు చేసి చేసి, ఇప్పుడు వీధి మలుపులో షెడ్డు వేసుకుని గేట్లు, కిటికీ గ్రిల్లులు చేస్తున్నాడు. గారెలు పెట్టడానికి అని నేను ఆయనకి చెప్పాను. (ఇది ముఖ్యం. అత్త సాక్షి.) స్టెయిన్‌లెస్ తీగ అనీ చెప్పాను. ఆయన "హా, హా, పక్కా కామ్ సేత్తాను" అన్నాడు.

జాలీ నిశ్చితార్థం రోజు పొద్దున్నే, మేము సామాను ఆటోలో ఎక్కిస్తుంటే వచ్చింది. ఇద్దరు మోశారు. గారెల కోసం కాదు, గేదె ఎక్కినా వంగదన్నట్టుంది. కానీ ఎండలో అది మెరిసిన మెరుపుకి నా కళ్లు చెమర్చాయి. మెరిసేదంతా స్టీలే అనుకోవడం స్టీలు ఊళ్లో పుట్టినవాడి తప్పా? ఇన్నాళ్లుగా అందరినీ ఇదే అడుగుతున్నాను.

హాల్లో అత్త మూకుడు పెట్టింది. నేను తెల్ల టోపీ పెట్టుకున్నాను. మొదటి వాయి గారెలు జాలీ మీద వరసగా పేర్చాను. బంగారు రంగు గారెలు, కింద వెండి తీగలు. పిన్ని వచ్చి చూసి మురిసిపోయి ఫోటో కూడా తీసుకుంది. పెళ్లికొడుకు తాతగారికి మొదటి పళ్లెం స్వయంగా నేనే అందించాను. మిగతావాళ్లు పళ్లేలు పట్టుకుని పెద్దాయన మొదలుపెట్టాలని చూస్తున్నారు. ఆయన ప్లాంటులో రిటైరైన మనిషి. గారె నోటిదాకా తీసుకెళ్లి ఆపేశాడు. వాసన చూశాడు. తిరగేశాడు. గారె అడుగున వెండి చారలు, గీత గీసినట్టు, తళతళా మెరుస్తున్నాయి. ఆయన వేలితో రాసి, ఆ వేలిని కళ్లజోడు దగ్గర పెట్టుకుని, చాలా శాంతంగా చెప్పాడు.

"అల్యూమినియం పెయింట్. కింద తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ కూడా కొట్టారు. పని మంచిదే, ఇంకా ఆరలేదు."

హాల్లో అందరూ ఒక్కసారే గారెలు తిరగేసిన చప్పుడు నాకు వినిపించింది. (గారె తిరగేస్తే చప్పుడు కాదని మా చెల్లి వాదిస్తుంది. అది అక్కడ లేదు.) పిన్ని పట్టుచీర కొంగుతో పెళ్లికొడుకు తల్లి వేళ్లు తుడిచింది, కొంగూ వెండిదైంది. అదృష్టం, అప్పటికి ఎవరూ కొరకలేదు. అత్త ఆ గారెలన్నీ చెత్తడబ్బాలో పారబోసి, సంచిలోంచి పాత పేపర్లు తీసి బుట్టలో పరిచింది. ఆవిడ పేపర్లు తెచ్చుకుందన్న సంగతి నన్ను పెయింటు కంటే ఎక్కువ దెబ్బ కొట్టింది.

మావయ్య నా దగ్గరికొచ్చి టోపీ తీసి నా చేతిలో పెట్టాడు. "పేపరయితే చదూకోడానికి వార్తలైనా ఉండేవిరా," అన్నాడు.

సాయంత్రం నేను వెల్డింగ్ బాబాయి షెడ్డుకి వెళ్లి నిలదీశాను. ఆయన అసలు కంగారుపడలేదు. గేటు చేసినా, గ్రిల్లు చేసినా, మంచం చేసినా రంగు వేయకుండా ఆ షెడ్డు దాటనివ్వలేదట. "గారెలకైతే ఇనపరాడ్డుకి తుప్పట్టదేటి బాబూ? నా పేరు పోదా?" అని తిరిగి నన్నే అడిగాడు. ఆయన పేరు పోలేదు. నాదే పోయింది. ఆ వారంలోనే వీధి వీధంతా నన్ను 'గేట్ భయ్యా' అనడం మొదలుపెట్టింది. మరుసటి వారం జాముల్ వెళ్లాను.

అసలు అన్యాయం ఆ తర్వాత జరిగింది. దీపావళికి సెలవు పెట్టి వచ్చి చూద్దును కదా, అద్దాల బీరువాలో స్టెయిన్‌లెస్ తీగల జాలీ! నేను అడిగిన తీగ, నేను చెప్పిన ఎత్తు, కింద నూనె పళ్లెంతో సహా. దాని మీద గారెలు ఊపిరి పీలుస్తూ కూర్చున్నాయి. బయట జనం ఆగి చూస్తున్నారు. ఎప్పుడు పెట్టారని అడిగితే, నేను వెళ్లిన నెలలోనే అని అత్త తల దించుకుని చెప్పింది. నేను అవతలికి పోయాను, నా ఆలోచన ఇవతల ఉండిపోయింది. పాత వెండి రంగు జాలీ మాత్రం గుమ్మం పక్కన చెప్పుల స్టాండుగా స్థిరపడింది. ఇప్పటికీ చెక్కు చెదరలేదు, తుప్పు చుక్క లేదు. ఆ దారిన పోయినప్పుడల్లా వెల్డింగ్ బాబాయి దాన్ని చేత్తో తట్టి మరీ వెళతాడు.

నేనింకా జాముల్‌లోనే ఉన్నాను. అయినా ప్రతి ఆదివారం వస్తాను. నా చెప్పులు నా జాలీ మీదే విప్పి లోపలికెళతాను. ఆ జాలీ ఎవరి ఆలోచనో మావయ్య తన నోటితో ఒక్కసారి ఒప్పుకోవాలని నా పట్టు. ఏ వారానికావారం అడుగుతాను, ఏ వారానికావారం ఆయన చాయ్ వడగడతాడు.

మొన్న ఆదివారం కొత్తగా ఎవరో రాయపూర్ నుంచి వచ్చినాయన బీరువా ముందు నిలబడి, ఇంత బాగా పెట్టారు, ఎవరి ఐడియా అని హిందీలో అడిగాడు. మావయ్య నా వైపు వేలు చూపించాడు. "మేరా భాంజా. జాలీ ఇసీకా ఐడియా హై" అన్నాడు, తన మేనల్లుణ్ననీ, జాలీ ఆలోచన నాదేననీ. ఇన్నాళ్లకి! ఏదో వినయంగా అనబోయాను. మావయ్య గుమ్మం వైపు కూడా వేలు తిప్పి, "వో పెయింట్ భీ ఇసీకా" అన్నాడు. ఆ పెయింటూ నాదేనట.

అత్త నవ్వు దాచుకుంటూ జాలీ మీంచి వేడి గారె తీసి నా పళ్లెంలో వేసింది. పెయింటు నాది కాదని ఆ రాయపూర్ ఆయనకి మొదటినుంచీ వివరించాను. ఆయన గారె తినేసి వెళ్లిపోయాడు, నా కథ ఇంకా వెల్డింగ్ బాబాయి దగ్గరికే రాలేదు. మిగిలింది వచ్చే ఆదివారం మావయ్యతో తేల్చుకుంటాను. మావయ్య ఆ మొదటి మాట దగ్గరే ఆగి ఉంటే ఆదివారాలు ఏ వంక పెట్టుకుని వచ్చేవాడినా అని ఆలోచిస్తూ, అలవాటుగా గారెను తిరగేశాను. అడుగున చారలున్నాయి, తీగల అచ్చులు, ఎర్రగా, కరకరలాడుతూ. వేలితో రాసి చూసుకుని మరీ కొరికాను.